పాకం చప్పుడు

కొంపల్లి అపార్ట్‌మెంట్ల నుంచీ, యాప్రాల్ కాలనీల నుంచీ ఈ మధ్య ఆడపిల్లలు నన్ను వెతుక్కుంటూ మేడ్చల్ వస్తున్నారు. ఇంట్లోనే పల్లీ పట్టీలు, నువ్వుల ముద్దలు చేసి, ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముదామని వాళ్ల ఆలోచన. మంచి ఆలోచనే. అందరూ అడిగేవి మాత్రం కొలతలే. పల్లీలకు బెల్లం ఎంత, నెయ్యి ఎంత, పొయ్యి మీద ఎంతసేపు ఉంచాలి. చెప్తాను, ఫోన్లో ఎక్కించుకుని వెళ్తారు. వారం తిరక్కముందే ఫోన్ చేసి, "ఆంటీ, పట్టీ సాగుతోంది" అంటారు.

అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా పేరు సలోమి. పెళ్లయి మేడ్చల్ వచ్చినప్పటి నుంచి, మణికట్లు మొరాయించి పొయ్యి ఆపేసేదాకా నేను చేసిన ఉద్యోగం ఇదే. మా ఆయన జీడిమెట్లలో ఒక కంపెనీకి పోయేవారు. నేను మా వంటింటి వెనక రేకుల పందిరి కిందికి పోయేదాన్ని. ఆఫీసు లేకపోయినా బాస్ మాత్రం ఉండేది. ఆమె మా ఆయన మేనత్త ఎస్తేరమ్మ. పెళ్లైన మూణ్ణాళ్లకే భర్త పోతే, ఒక కడాయి, ఒక పీట, ఒక చాట పెట్టుకుని బతికిన మనిషి. నేను కోడలిగా వచ్చేసరికి చర్చిలో క్రిస్మస్ పంపకాలకూ, దూలపల్లి నుంచి శామీర్‌పేట దాకా నలుగురి ఇళ్లలో శుభకార్యాలకూ ఆమె పట్టీలే వెళ్లేవి.

పల్లీల దగ్గర

నాకు మొదట దొరికిన పని పల్లీలు ఏరడం. ఇందులో నేర్చుకోవడానికి ఏముందని అనుకున్నాను. డిగ్రీ ఫస్టియర్ దాకా చదివిన గర్వం కొంచెం ఉండేది లెండి. అత్త సంచి మూతి విప్పి, పైనుంచి కొన్ని, అడుగు నుంచి కొన్ని తీసి నోట్లో వేసుకునేది. ముఖం చిట్లించిందంటే ఆ సంచి వాపసు పోవాల్సిందే. దుకాణం సేటు ఎంత మొత్తుకున్నా వినేది కాదు. ముక్కిపోయిన పల్లీని ఏ బెల్లమూ దాచలేదు. పిల్లలూ, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పాత పల్లీ మీద జీడిపప్పు చల్లి, పైన గులాబీ రేకులు అతికించి ఫొటో తీస్తే చూడ్డానికి బాగుంటుంది. కొన్నవాళ్లు మళ్లీ రారు.

వేయించడం సన్నటి మంట మీదే. కలుపుతున్న చెయ్యి ఆగకూడదు. దించాక గుడ్డలో వేసి రుద్ది, చాటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది. బద్దలు విరిగి నాలుగు ముక్కలైతే అత్త మాట్లాడకుండా వాటిని పక్కకు తీసి, పొడి కొట్టి, రొట్టె ముక్కలూ బెల్లమూ కలిపి నాకు మలీద ముద్ద చేసి పెట్టేది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ ముద్ద తింటూ ఉంటే, నా తప్పు నేనే తింటున్నానని తెలిసేది. ముద్ద మాత్రం భలే రుచిగా ఉండేది.

పాకం దగ్గర మాట్లాడరాదు

మా పందిరిలో ఒక కట్టుబాటు ఉండేది. కడాయిలో బెల్లం కరిగి, వడగట్టి, మళ్లీ పొయ్యెక్కిందంటే ఎవరూ నోరు విప్పకూడదు. రేడియో బంద్. గుమ్మంలోకి పాస్టరు గారు వచ్చినా సైగ చేసి కూర్చోబెట్టాల్సిందే. కొత్తలో ఇదేదో ప్రార్థన అనుకున్నాను.

విషయం ఏమిటంటే, అత్త పాకాన్ని చెవితో చూసేది. పక్కన ఇత్తడి పళ్లెంలో చల్లటి నీళ్లు ఉండేవి. గరిటెతో ఒక చుక్క అందులో వేసి, వేళ్లతో ఉండలా చేసి, పళ్లెం అంచుకేసి కొట్టేది. మొదట చప్పుడే రాదు. ఆ పాకం నువ్వుల ముద్దలకు పనికొస్తుంది. ఇంకాసేపటికి మొద్దుగా 'టక్' అంటుంది. అప్పుడు దించితే పట్టీ పళ్లకు అంటుకుంటుంది. ఆ తర్వాత ఒక చప్పుడు వస్తుంది, 'ఖణ్'మని, గాజు గోళీ పడ్డట్టు. అప్పుడే దించాలి. ఇంకొంచెం ఆలస్యమైతే పాకం నల్లబడి చేదెక్కుతుంది. ఆ 'ఖణ్'కూ ఆ చేదుకూ మధ్య ఉన్న సందు ఎంతంటే, ఒక మనిషి తలెత్తి "ఏంది?" అని అడిగేంత.

ఇప్పుడు వేడి కొలిచే పుల్లలు దొరుకుతున్నాయి. కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. చక్కెర పాకానికి బాగా పనికొస్తాయి. బెల్లం అట్లా కాదు. ఒక అచ్చు గట్టిది, ఒక అచ్చు చెమ్మగా ఉంటుంది, ఒకదాంట్లో ఉప్పదనం. ఆ పుల్ల ఇంకా కాలేదంటున్నప్పుడే పాకం మాడిపోవడం నా కళ్లారా చూశాను.

గరిటె మాత్రం అత్త ఎవరికీ ఇచ్చేది కాదు. నా చోటు ఆమె వీపు వెనక, గడప దగ్గర. పీటకు నెయ్యి రాయడం, ఆమె కుమ్మరించగానే కర్రతో పరిచి ఒత్తడం, వేడి మీదే కత్తితో గాట్లు పెట్టడం నా పని. ఆ చప్పుళ్లన్నీ నేను వీపు వెనక నుంచి విన్నవే. నాకెవరూ నేర్పలేదు, చెవిలో పడుతూ పడుతూ అవే నిలిచిపోయాయి.

ఆబ్కారీ వాళ్లొచ్చిన రోజు

నాటుసారా కాయడానికి బెల్లం వాడతారు కాబట్టి, మా వైపు బెల్లం ఎక్కువగా కొనేవాళ్ల మీద ఒక కన్నేసి ఉంచేవారు. ఒక క్రిస్మస్ ముందు మా ఇంటికి ఆటోలో బెల్లం దిగింది. ఎవరో పుణ్యాత్ములు చెవిన వేసినట్టున్నారు, మర్నాడే ఆబ్కారీ నుంచి ఇద్దరు వచ్చారు.

పెద్దాయన పందిరంతా చూసి, "గింత బెల్లం దేనికమ్మా?" అని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. అత్త మాత్రం తాపీగా, "కూసోండ్రి బిడ్డా. వేడి మీద తినకుండ్రి, నోరు కాల్తది" అంది. ఆయన మళ్లీ అడిగాడు. ఈమె రెండు పట్టీలు పళ్లెంలో పెట్టి ముందుకు జరిపింది. ఆయన నా వైపు చూశాడు, నేను పల్లీల సంచులు చూపించాను. తింటూ నవ్వి వెళ్లిపోయారు.

అబ్బ, ఎంత గడుసుదో మా అత్త, అడిగినదానికి జవాబు చెప్పకుండా నోటికి తీపి పెట్టి పంపేసింది అని ఆ రోజంతా మురిసిపోయాను. మా ఆయనకు చెప్పి నవ్వించాను కూడా. అది గడుసుతనం కాదని తెలియడానికి ఇంకొంత కాలం పట్టింది.

వంగిన పట్టీ

మా చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరింట్లో పండింది, ఎవరి చేతితో చేసింది వాళ్లు తెచ్చి దేవుడి ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం, వాటి మధ్య ఎస్తేరమ్మ పట్టీల పళ్లెం. ఆ పళ్లెం కోసం ప్రతి ఏడూ పెద్ద పోటీ. పాడుకున్నాయన ఆనవాయితీగా పైకి లేచి, ఒక పట్టీని అందరికీ వినిపించేట్టు ఫటక్కున విరిచేవాడు. అందరూ చప్పట్లు కొట్టేవారు. అత్త తల వంచుకుని కూర్చునేది, పైకి నవ్వకుండా.

ఆ ఏడాది పాడుకున్నాయన లేచి విరిచాడు. విరగలేదు. వంగింది. ఇంకొకటి తీశాడు, అదీ వంగింది. వెనక బెంచీల్లో పిల్లలు కిసుక్కున నవ్వారు. పాస్టరు గారు వెంటనే కీర్తన ఎత్తుకున్నారు కానీ అప్పటికే చూడాల్సినవాళ్లంతా చూశారు.

ఇంటికొచ్చాక అత్త, "బెల్లం మంచిది రాలే" అంది. నేనూ అదే అనుకున్నాను. తర్వాతి వారం కడాయి మాడింది. ఆమె ఉండను పళ్లేనికేసి కొట్టగానే 'ఖణ్'మన్నది నాకు గడప దగ్గరికి వినబడింది. ఆమె దించలేదు. మళ్లీ కొట్టింది, మళ్లీ మోగింది. చూస్తుండగానే పొగ లేచింది. అదే సమయానికి వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది, అయినా ఆమె తల తిప్పలేదు. అప్పుడు తెలిసింది నాకు.

ఏం చేయాలో తోచలేదు. చెవులు పోయాయని ఆమెతో అనడమంటే, ఇక గరిటె పెట్టెయ్యి అనడమే. ఆ పొయ్యి ఒక్కటే ఆమెకు ఆస్తి, మొగుడు, బిడ్డ అన్నీ. పోనీ ఊరుకుందామంటే, మాడిన పట్టీ ఒక్కసారి బయటికి పోతే చాలు, అంత కాలం సంపాదించుకున్న పేరు పోతుంది. మా ఆయన్ని అడిగితే, నువ్వే చూసుకో అని చేతులెత్తేశారు.

ఎదురుగా పీట

మర్నాడు నేను పందిరిలోకి వెళ్లేసరికి నేను కూర్చునే పీట గడప దగ్గర లేదు. పొయ్యికి అవతలి పక్క, అత్తకు ఎదురుగా వేసి ఉంది.

"ఇగ నుంచి గీడ కూసో" అంది.

నా పనిలో ఏదో తప్పు పట్టిందనీ, కళ్ల ముందు పెట్టుకుని కాపలా కాస్తుందనీ అనుకున్నాను. కొంచెం రోషం కూడా వచ్చింది. తీరా చూస్తే ఆ రోజు పట్టీ అద్భుతంగా కుదిరింది. ఆ తర్వాతా కుదురుతూనే ఉంది. చుక్క వేస్తుంది, ఉండ చేస్తుంది, కొడుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, దించేస్తుంది. చెవులు వినబడని మనిషి అంత కచ్చితంగా ఎలా దించుతోందో నాకు అంతుపట్టలేదు. రంగు చూసి కాబోలు అనుకున్నాను ఒకసారి. వాసన అనుకున్నాను ఇంకోసారి. అడగడానికి నోరు రాలేదు. దేవుడు ఒకటి తీసుకుని ఇంకొకటి ఇచ్చాడేమో అని సరిపెట్టుకున్నాను.

అలా చాలా కాలం గడిచింది. ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్లతో మాటలన్నీ నేనే మాట్లాడేదాన్ని. పెద్దావిడ కదా, తక్కువ మాట్లాడుతుంది అనుకునేవారు.

శామీర్‌పేట పటేలమ్మ

శామీర్‌పేటలో పాత పటేళ్ల ఇల్లు ఒకటుంది. భూములు, ఆ తర్వాత వెంచర్లు, ఇప్పుడు రాజకీయం. ఆ ఇంటి పెద్దావిడను అందరూ పటేలమ్మ అనే పిలుస్తారు. పూజకు పెట్టేవి వాళ్లు వాళ్ల ఇంట్లోనే చేసుకునేవారు. పదిమందికి పంచేవి మాత్రం మా దగ్గర నుంచే. ఆమె ఒక్క మాట అంటే ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ మా దగ్గరికి వస్తాయి. ఇంకో మాట అంటే అన్నీ ఆగిపోతాయి. అందుకే ఆమె పని అంటే మాకు భయం.

మునిమనవరాలికి తొట్టెల వేసి పేరు పెడుతున్నామనీ, ఊరంతటికీ పల్లీ పట్టీలు పంచాలనీ కబురు పెట్టింది. అంతటితో ఆగలేదు. ఎస్తేరమ్మ పాకం పడుతుంటే ఒక్కసారి తన కళ్లతో చూడాలని ఉందని, చేసే రోజు కారు వేసుకుని తానే వచ్చేసింది.

మా ఆయన ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వేశారు. పందిరి ఇరుకు. వేయడానికి పొయ్యికీ నా పీటకూ మధ్య తప్ప చోటు లేదు. పటేలమ్మ భారీ మనిషి. ఆమె కూర్చునేసరికి నాకు అత్త కనబడలేదు, అత్తకు నేను కనబడలేదు.

కట్టుబాటు సంగతి చెబితే పటేలమ్మ నవ్వి నోటి మీద వేలు పెట్టుకుంది. పాకం పొంగి, నురగ తగ్గి, రంగు తిరిగింది. అత్త చుక్క వేసి కొట్టింది. 'టక్.' ఇంకా కాలేదు. కాసేపాగి మళ్లీ కొట్టింది. 'ఖణ్.' నాకు స్పష్టంగా వినబడింది. దించలేదు. కుర్చీ పక్కనుంచి తొంగి చూశాను. అత్త కళ్లు నా కోసం వెతుకుతున్నాయి, ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి. ఆ క్షణంలో అర్థమైంది నాకు, ఆమె ఇన్నాళ్లూ రంగు చూడలేదు, వాసన చూడలేదు. నా ముఖం చూసింది.

"అయింది అత్తా" అని గట్టిగానే అన్నాను. ఆమెకు వినబడలేదు. నేను లేచేలోపే ఆమె చెయ్యి పటేలమ్మ భుజం పక్కనుంచి ముందుకు వచ్చింది. ఆ చేతిలో గరిటె ఉంది. ఆమె ఎవరికీ ఇవ్వని గరిటె.

"నువ్వే దించు" అంది.

ఆలోచించే టైము లేదు. గరిటె అందుకుని, కడాయి దించి, పల్లీలు గుమ్మరించి, కలిపి, నెయ్యి రాసిన పీట మీద వేశాను. పరిచాను, గాట్లు పెట్టాను.

అప్పుడు పటేలమ్మ, "ఏందే ఎస్తేరమ్మా, చెయ్యి నొచ్చిందా?" అని అడిగింది. అత్త బదులు చెప్పలేదు. పటేలమ్మ నా వైపు తిరిగింది. అలవాటుగా ఏదో ఒకటి అల్లి చెప్పబోయాను. అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నాకు చెవులు ఇనవడయి పటేలమ్మా. మస్తు దినాలైంది. పాకం సప్పుడు గీ పిల్లకు ఇనవడ్తది. నేను దాని మొఖం జూసి దించుతున్న. ఇయ్యాల మీరు అడ్డం కూసున్నరు, నాకు మొఖం కనవడలే."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత కాలం దాచిన మాట, పోయేది తన పొయ్యే అని తెలిసి కూడా, వంకర లేకుండా అనేసింది. పటేలమ్మ పీట మీదికి వంగింది. పట్టీ ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆరేదాకా అలాగే కూర్చుని, ఒక ముక్క తీసి విరిచింది. ఫటక్కున విరిగింది. నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి, అత్తకు అర్థమయ్యేట్టు ముఖం ఎదురుగా పెట్టి ఒక్కో మాటా విడిచి విడిచి పలికింది.

"ఇన్నొద్దులు ఒక్క ఎస్తేరమ్మ పేరే జెప్పి పంచిన. ఇగ ఇద్దరి పేర్లు జెప్త."

తొట్టెల రోజు నిజంగానే అలా చెప్పిందట. నేను వెళ్లలేదు కానీ, ఆ తర్వాత శామీర్‌పేట నుంచి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి "ఎస్తేరమ్మ, సలోమి ఇల్లు ఇదేనా?" అని అడగడం మొదలైంది.

పొయ్యి నా చేతికి వచ్చాక

ఆ రోజు నుంచి అత్త మళ్లీ గరిటె పట్టలేదు. మేం పీటలు మార్చుకున్నాం. నేను పొయ్యి దగ్గర, ఆమె ఎదురుగా. పల్లీలు రుచి చూడటం మాత్రం చివరిదాకా వదల్లేదు, ఆ నాలుక అలాగే ఉంది. ఒకసారి బెల్లం రవ్వ లడ్డూలో నేను యాలకులు ఎక్కువ వేస్తే, నోట్లో పెట్టుకోకముందే వాసనకు ముక్కు మూసుకుని నన్ను ఏడిపించింది. బక్షాలకు, అదే బొబ్బట్లకు, పిండి నేను పిసికితే గట్టిగా ఉందనీ, తాను పిసికితే మెత్తగా ఉంటుందనీ రోజూ పేచీ. పేచీ పడటానికి ఆమెకు చెవులు అక్కర్లేదు.

పిల్లలూ, ఈ పనిలో మీకు ఎదురయ్యే బాస్‌లు చాలామంది ఉంటారు. ఫోన్లో నక్షత్రాలు ఇచ్చేవాళ్లూ, ఫొటో బాగుంటే చాలనేవాళ్లూ. వాళ్లతో పని నడిపించుకోండి. కానీ మీకంటే ఎక్కువ తెలిసిన మనిషి ఒకరు దొరికితే, వాళ్ల ఎదురుగా కూర్చోండి. వానల్లో పట్టీలు చేయకండి, చెమ్మ లాగుతాయి. వేడిగా డబ్బాలో మూత పెట్టకండి. పాకం మీదున్నప్పుడు ఫోన్ పక్కగదిలో పెట్టండి. మిగతా కొలతలు మీరు ఫోన్లో ఎక్కించుకున్నవే.

అత్త పోవడానికి ముందు ఏడాది, ఒక మధ్యాహ్నం పనంతా అయ్యాక, చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగాను. అప్పటికి ఆమె నా పెదవులు చూసి మాట పట్టుకునేది. పాకం అయినప్పుడు నా ముఖంలో ఏం కనబడేదని అడిగాను.

"నీకే తెల్వది. అయ్యేటప్పుడు నువ్వు ఊపిరి బిగవడ్తవు. కాకుంటే మామూలుగనే ఉంటవు" అంది.

మరి చెవులు పోయాయని అప్పుడే నాతో ఎందుకు చెప్పలేదు, ఒక్కదానివే ఎంత కుమిలిపోయావో అన్నాను. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఆ వేళ్ల నిండా పాత కాలిన మచ్చలు.

"పరేషాన్ అయింది కోత పండుగ నాడు, కడాయి మాడిన నాడు. గా తెల్లారే నీ పీట నా ఎదురుంగ ఏస్కున్న. ఇగ అప్పటి సంది నాకు ఇనవడుతనే ఉంది బిడ్డా."